ఫిర్యాదు తిరిగి అదే స్టేషన్‌కు చేరితే

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. చెన్నై పెరంబూరులో ఉండే మీ పిన్నిగారి అబ్బాయిని, ఎవరిదో ఫోన్ పోయిందన్న అనుమానంతో ఒక రాత్రంతా స్టేషన్‌లో ఉంచి కొట్టారు. తెల్లారాక ఏ కాగితమూ ఇవ్వకుండా పంపేశారు. పన్నెండు రోజులైనా కుడి చెవి సరిగా వినపడటం లేదు. ఇప్పుడు ఎవరికి చెప్పుకోవాలన్నది మొదటి ప్రశ్న. అమెరికాలో కొన్ని నగరాల్లో కోర్టే ఒక మానిటర్‌ను, అంటే అమలును చూసే పరిశీలకుణ్ణి, పెట్టి పోలీసు శాఖను దారికి తెచ్చిందని మీరు చదివారట, చెన్నైలో అలాంటిది ఎందుకు లేదన్నది రెండోది.

నేను నెల్లూరు జిల్లా నుంచి లా చదవడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాణ్ణి. ఇరవై నాలుగేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను, ఎక్కువగా ఎగ్మోర్, జార్జ్‌టౌన్ మేజిస్ట్రేట్ కోర్టుల్లో, అప్పుడప్పుడు హైకోర్టులో. మీ రెండో ప్రశ్నకు వివరంగా రాస్తాను. అయితే అంతకంటే ముందు ఒక పని ఉంది. అబ్బాయిని ఇంకా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లి ఉండకపోతే ఈరోజే స్టాన్లీకి తీసుకెళ్లండి. దెబ్బ ఎలా తగిలిందని డాక్టరు అడిగినప్పుడు భయపడి బండి మీద నుంచి పడ్డానని చెప్పనివ్వకండి. ఏ తేదీన, ఎక్కడ, ఎవరు కొట్టారో చెప్పి, దాన్ని యాక్సిడెంట్ రిజిస్టర్‌లో రాయించండి. దాని నకలును ఇక్కడ అందరూ ఏఆర్ కాపీ అంటారు. రేపు మీరు ఎక్కడికి వెళ్లినా మొదట అడిగేది అదే. పన్నెండు రోజులు ఆలస్యమైంది, నిజమే. అయినా చెవి పరీక్షలో కనపడేది కనపడుతుంది.

ఇక అసలు విషయం. పోలీసుల మీద ఫిర్యాదులు విచారించే స్వతంత్ర సంస్థ మన దేశంలో ఉండాలని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. ఉత్తరప్రదేశ్‌లో డీజీపీగా, బీఎస్‌ఎఫ్ అధిపతిగా పనిచేసిన ప్రకాశ్ సింగ్ 1996లో వేసిన కేసులో 2006 సెప్టెంబరు 22న తీర్పు వచ్చింది. ఏడు ఆదేశాలు ఇచ్చారు. డీజీపీకి, స్టేషన్ ఇన్‌చార్జికి కనీసం రెండేళ్ల పదవీకాలం, బదిలీలకు ఒక బోర్డు, పెద్ద నగరాల్లో దర్యాప్తును శాంతిభద్రతల పని నుంచి విడదీయడం వంటివి అందులో ఉన్నాయి. మీకు పనికొచ్చేది పోలీసు కంప్లయింట్స్ అథారిటీ. రాష్ట్ర స్థాయిలో హైకోర్టు లేదా సుప్రీంకోర్టు రిటైర్డ్ జడ్జి, జిల్లా స్థాయిలో రిటైర్డ్ జిల్లా జడ్జి దానికి అధ్యక్షులుగా ఉండాలి. రాష్ట్ర స్థాయి జడ్జిని ప్రధాన న్యాయమూర్తి ఇచ్చిన పేర్ల నుంచే ఎంచుకోవాలి. అథారిటీ చేసిన సిఫారసు ప్రభుత్వం మీద తప్పనిసరి. ఇంకో మాట కూడా ఆ తీర్పులో ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. క్షేత్రస్థాయి విచారణకు అథారిటీకి సొంత సిబ్బంది కావాలి, అందుకు సీఐడీ, విజిలెన్స్ లాంటి చోట్ల రిటైరైన దర్యాప్తు అధికారులను పెట్టుకోవచ్చు అని. ఈ మాట దగ్గరికి మళ్లీ వస్తాను.

తమిళనాడు 2013లో పోలీసు సంస్కరణల చట్టం చేసింది. ఆ చట్టం ప్రకారం రాష్ట్ర అథారిటీకి హోం సెక్రటరీ అధ్యక్షుడు. డీజీపీ, శాంతిభద్రతల ఏడీజీపీ సభ్యులు. జిల్లాలో కలెక్టర్ అధ్యక్షుడు, ఎస్పీ, అదనపు ఎస్పీ సభ్యులు. అంటే ఎవరి మీద ఫిర్యాదో ఆ శాఖ పెద్దలే తీర్పరుల కుర్చీలో కూర్చున్నారు. ఇది సుప్రీంకోర్టు ఆదేశానికి విరుద్ధమని మద్రాస్ హైకోర్టులో సవాలు కూడా చేశారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఈ నిర్మాణాన్ని పర్యవేక్షణ అని పిలవడం ఆ మాటకే అవమానం.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. రిటైర్డ్ జడ్జిని అధ్యక్షుడిగా పెడితే చాలు, అంతా బాగుపడుతుందనుకుంటారు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. ఒక కేసు నా ఆలోచన మార్చింది.

కోయంబేడు మార్కెట్‌లో లారీల నుంచి టమాటా పెట్టెలు దించే కుర్రాడు. తల్లిది సూళ్లూరుపేట వైపు ఊరు, ఆమెకు తెలుగు తప్ప ఇంకో భాష రాదు. దొంగతనం అనుమానం మీద కుర్రాణ్ణి తీసుకెళ్లారు. రెండో రోజు ఆమె వెళ్లి చూస్తే మణికట్టు విరిగి ఉంది. స్టేషన్‌లో రైటర్ తమిళంలో ఒక కాగితం రాసి ఆమె వేలిముద్ర తీసుకున్నాడు. కొడుకును వదలడానికి సంతకం అని చెప్పారట. నా దగ్గరికి వచ్చాక ఆ కాగితం కాపీ సంపాదించి చదివాను. నా కొడుకు ఇంట్లో మెట్ల మీద నుంచి జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు, నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు అని ఉంది. ఆమెకు తెలుగులో చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మా ఇంటికి మెట్లే లేవయ్యా అంది.

ఫిర్యాదు తయారు చేసి స్టేషన్‌కు కాదు, పై ఆఫీసులకు పంపాను. ఆరు వారాలు గడిచాయి. ఆ ఫిర్యాదు పై నుంచి ఒక్కో మెట్టు దిగుతూ వచ్చింది. ఒక్కో టేబుల్ దగ్గర "తగిన చర్య నిమిత్తం" అని ఒక సంతకం. చివరికి విచారణకు రావాలని తల్లికి నోటీసు వచ్చింది. ఆ నోటీసు పట్టుకుని ఆమె గుడిసె ముందు నిలబడింది అదే స్టేషన్ కానిస్టేబులు. బెదిరించలేదు, గట్టిగా మాట్లాడనూ లేదు. నోటీసు ఇచ్చి, అబ్బాయి ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నాడని అడిగి వెళ్లిపోయాడు. మర్నాడే ఆమె నా ఆఫీసుకు వచ్చి ఫిర్యాదు వెనక్కి తీసుకుందామంది. ఎంత చెప్పినా వినలేదు. వినమని నేను ఏ ధైర్యంతో అడగగలను? రాత్రిళ్లు ఆ గుడిసెలో ఉండాల్సింది ఆమె, నేను కాదు. ఇప్పటికీ ఆ రోజు గుర్తొస్తే నాకు బాధగానే ఉంటుంది.

ఆ ఫిర్యాదు పైన ఉన్న కుర్చీలో ఎంత గొప్ప జడ్జి కూర్చున్నా ఫలితం అదే అయ్యేది, ఎందుకంటే కింద విచారణ చేసే చేతులు మారలేదు. అందుకే స్వతంత్ర పర్యవేక్షణ గురించి ఎవరు మాట్లాడినా నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే. సాక్షి ఇంటి తలుపు తట్టేది ఎవరు? స్టేషన్‌కు వెళ్లి, అక్కడ రోజూ జరిగేవి రాసే జనరల్ డైరీ, కెమెరా హార్డ్ డిస్క్ స్వాధీనం చేసుకునేది ఎవరు?

ఉత్తర ఐర్లాండ్ వాళ్లు ఈ ప్రశ్నతోనే మొదలుపెట్టారు. అక్కడ దశాబ్దాల పాటు హింస నడిచింది. ఒక వర్గానికి పోలీసుల మీద ఏమాత్రం నమ్మకం లేదు. శాంతి ఒప్పందం తర్వాత 1999లో పాటెన్ కమిషన్ 175 సిఫారసులతో నివేదిక ఇచ్చింది. 2001లో పాత దళం స్థానంలో కొత్త పేరుతో పోలీసు సర్వీసు వచ్చింది. 2000 నుంచి పోలీసు అంబుడ్స్‌మన్ కార్యాలయం పనిచేస్తోంది. ఫిర్యాదు నేరుగా అక్కడికే వెళుతుంది, దర్యాప్తు చేసేది ఆ కార్యాలయం సొంత అధికారులే. సిఫారసులు ఎంతవరకు అమలయ్యాయో ఏళ్ల తరబడి లెక్కచూసి ప్రజలకు చెప్పడానికి వేరే ఓవర్‌సైట్ కమిషనర్‌ను పెట్టారు. అక్కడ ఇప్పుడు అంతా సవ్యంగా ఉందని నేననను. అయితే ఫిర్యాదు తిరిగి అదే స్టేషన్‌కు చేరే దారిని మాత్రం వాళ్లు మూసేశారు.

మీరు చదివిన అమెరికా సంగతికి వద్దాం. 1991లో లాస్ ఏంజిలిస్‌లో రాడ్నీ కింగ్‌ను పోలీసులు కొట్టిన వీడియో బయటికి వచ్చాక, 1994లో అక్కడ ఒక చట్టం వచ్చింది. ఏదైనా పోలీసు శాఖ ఒక పద్ధతిగా హక్కులను ఉల్లంఘిస్తుంటే కేంద్ర న్యాయశాఖ ఆ శాఖ మీదే దావా వేయొచ్చు. సాధారణంగా నగరం రాజీకి వస్తుంది, ఆ రాజీ కోర్టు ఉత్తర్వుగా మారుతుంది, అమలును చూడటానికి మానిటర్ వస్తాడు. లాస్ ఏంజిలిస్‌లో 2001లో, సియాటిల్‌లో 2012లో ఇదే జరిగింది. ఓక్లండ్ కథ కొంచెం వేరు. 2000లో అక్కడ రైడర్స్ అనే పేరుతో నలుగురు అధికారులు పేదల మీద దౌర్జన్యాలు, తప్పుడు కేసులు సాగించారని కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక యువ అధికారే బయటపెట్టాడు. ఒకడు పరారయ్యాడు. మిగతా ముగ్గురికి క్రిమినల్ కోర్టులో శిక్ష పడనే లేదు. కానీ 119 మంది బాధితులు వేసిన సివిల్ దావా 2003లో రాజీ అయింది. కోటి డాలర్లకు పైగా పరిహారంతో పాటు, పోలీసు శాఖ చేసి తీరాల్సిన యాభైకి పైగా పనుల జాబితా ఆ ఒప్పందంలో రాశారు. ఫిర్యాదు ఎలా తీసుకోవాలి, బలప్రయోగాన్ని ఎలా నమోదు చేయాలి, ఏ అధికారి మీద పదేపదే ఫిర్యాదులు వస్తున్నాయో ఎలా గుర్తించాలి వంటివి అవి. కొన్నేళ్లలో అయిపోతుందనుకున్నది ఇరవై ఏళ్లు దాటేదాకా కోర్టు చేతిలోనే ఉండిపోయింది.

దీన్ని చూసి కొందరు అది విఫలమైందంటారు. నాకు అలా అనిపించదు. ఒక శాఖ అలవాట్లు మార్చడానికి ఒక తరం పడుతుందని ఒప్పుకుని, అన్నాళ్లూ కోర్టు చెయ్యి తీయకుండా ఉండటమే అక్కడి గొప్ప. కానీ అక్కడి పద్ధతికీ ఒక లోపం ఉంది. కేంద్రంలో ప్రభుత్వం మారితే ఉత్సాహం మారిపోతుంది. మినియాపోలిస్, లూయీవిల్ నగరాలతో కుదిరి, కోర్టు ఆమోదం కోసం చూస్తున్న ఒప్పందాల నుంచి 2025లో కేంద్ర న్యాయశాఖే తప్పుకుంది. కాబట్టి నకలు కొట్టుకోవడానికి అది సిద్ధంగా ఉన్న నమూనా అనుకోవద్దు.

మన దగ్గర అలాంటిది అసాధ్యమా? కాదు. ఇదే రాష్ట్రంలో కొద్దిరోజుల పాటు జరిగింది కూడా. 2020 జూన్‌లో తూత్తుకుడి జిల్లా సాత్తాన్‌కుళంలో, లాక్‌డౌన్ వేళ దాటి సెల్‌ఫోన్ షాపు తెరిచారన్న ఆరోపణతో అరెస్టయిన తండ్రీకొడుకులు కస్టడీలో దెబ్బలు తిని ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. మద్రాస్ హైకోర్టు మదురై బెంచ్ తనంత తానుగా కేసు తీసుకుంది. విచారణకు జ్యుడీషియల్ మేజిస్ట్రేటును స్టేషన్‌కు పంపింది. అక్కడి పోలీసులు సహకరించలేదని, అవమానకరంగా మాట్లాడారని ఆయన హైకోర్టుకు రిపోర్టు రాశారు. అప్పుడు హైకోర్టు ఆ స్టేషన్‌ను రెవెన్యూ అధికారుల అదుపులో ఉంచమని కలెక్టర్‌కు చెప్పింది. ఆ స్టేషన్‌లోనే పనిచేసే ఒక మహిళా హెడ్ కానిస్టేబులు, రాత్రంతా ఏం జరిగిందో మేజిస్ట్రేటుకు వాంగ్మూలం ఇచ్చారు. కేసు సీబీఐకి వెళ్లింది, పోలీసుల మీద హత్య కేసు నడిచింది.

ఆమె అంతకుముందు రోజు తన ఇన్‌స్పెక్టర్‌కు ఆ మాట చెప్పగలిగేవారా? చెప్పలేరు. వినేవాళ్లు మారారు కాబట్టే చెప్పగలిగారు. స్వతంత్ర విచారణ బాధితుడికి మాత్రమే మేలు చేస్తుందనుకోవడం పొరపాటు. నిజాయితీగా ఉండాలనుకునే పోలీసుకు కూడా దానితోనే నోరు లేస్తుంది. ఓక్లండ్‌లో ఆ కొత్త కుర్రాడైనా, ఇక్కడ ఈ హెడ్ కానిస్టేబులైనా అంతే.

అదే కేసులో ఇంకో విషయం బయటపడింది. స్టేషన్ కెమెరాల్లో ఏరోజు రికార్డింగు ఆరోజే చెరిగిపోయేలా పెట్టి ఉంచారు, డిస్క్‌లో చాలినంత చోటు ఉండి కూడా. అదే ఏడాది డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు గట్టి ఆదేశం ఇచ్చింది. ప్రతి స్టేషన్‌లో గేటు, లాకప్, వరండా, ఇన్‌స్పెక్టర్ గది సహా అన్నిచోట్లా రాత్రిపూట కూడా పనిచేసే, శబ్దం రికార్డు చేసే కెమెరాలు ఉండాలి. రికార్డింగు పద్దెనిమిది నెలలు దాచాలి, అది కుదరకపోతే కనీసం ఏడాది. వీటిని చూసుకోవడానికి రాష్ట్ర, జిల్లా కమిటీలు ఉండాలి. దెబ్బలు తిన్నవాళ్లు ఫుటేజీ భద్రపరచమని అడగవచ్చని స్టేషన్‌లో బోర్డు పెట్టాలి. మీరు పెరంబూరు వెళ్లినప్పుడు ఆ బోర్డు ఉందో లేదో చూడండి. లేకపోతే అదీ మీ ఫిర్యాదులో రాయండి.

చెన్నైలో కమిషనర్ వ్యవస్థ ఉండటం వల్ల ఇంకో చిక్కు ఉంది. కమిషనరేట్‌లో పోలీసు అధికారులకు కొన్ని మేజిస్ట్రేటు అధికారాలు కూడా ఉంటాయి. మంచి ప్రవర్తనకు బాండు రాయించుకోవడం, దాన్ని ఉల్లంఘించారని జైలుకు పంపడం వంటివి డిప్యూటీ కమిషనర్లే చేసేవారు. పట్టుకునేదీ ఆ శాఖే, విచారించి లోపలికి పంపేదీ ఆ శాఖే. 2023 మార్చిలో మద్రాస్ హైకోర్టు దీన్ని తప్పుపట్టి, డిప్యూటీ కమిషనర్లకు ఆ అధికారమిచ్చిన జీవోలను కొట్టేసింది. వార్తల్లో పెద్దగా రాలేదు కానీ నా దృష్టిలో ఈ నగరంలో జరిగిన నిజమైన పోలీసు సంస్కరణల్లో అదొకటి.

సంస్కరణ అంటే పోలీసులను శిక్షించడమే అనుకోవద్దని కూడా చెప్పాలి. పండగ లేదు, పబ్బం లేదు, పన్నెండు పద్నాలుగు గంటల డ్యూటీ. తమిళనాడులో కానిస్టేబుళ్లకు వారానికి ఒక రోజు సెలవు 2021లో గాని రాలేదు. కానిస్టేబుళ్లను అధికారుల ఇంటి పనికి పెట్టుకునే ఆర్డర్లీ పద్ధతిని రాష్ట్ర ప్రభుత్వం 1979లోనే రద్దు చేసింది. అయినా అధికారుల ఇళ్లలో చాకిరీ ఆగలేదని 2022లో హైకోర్టు మందలించాల్సి వచ్చింది. పోయిన సొత్తు రికవరీ చూపించమని పై నుంచి ఒత్తిడి వస్తుంది, దర్యాప్తు చేయడానికి సమయం ఉండదు, శిక్షణా ఉండదు. అప్పుడు లాఠీ తీయడం సులువైన దారి అయిపోతుంది. దర్యాప్తును బందోబస్తు పని నుంచి విడదీయమని సుప్రీంకోర్టు చెప్పింది అందుకే.

నన్నడిగితే చెన్నైకి కావలసింది ఇది. 2013 చట్టాన్ని మార్చి, రిటైర్డ్ జడ్జి అధ్యక్షుడిగా, నగరానికంటూ ఒక అథారిటీ. దాని కింద, సిటీ పోలీసులో పనిచేయని, మళ్లీ ఆ శాఖకు తిరిగి వెళ్లని దర్యాప్తు అధికారులు ఓ ఇరవై ముప్పై మంది. ఏ స్టేషన్‌లోనైనా ఏ వేళప్పుడైనా అడుగుపెట్టి డిస్క్ తీసుకెళ్లే అధికారం. ఫిర్యాదు తెలుగులో ఇచ్చినా, ఉర్దూలో, హిందీలో ఇచ్చినా తీసుకునే ఏర్పాటు. పులియంతోపు, వ్యాసర్‌పాడి వైపు తరతరాలుగా ఉంటున్న మన తెలుగు పారిశుధ్య కార్మికుల కుటుంబాలున్నాయి. అక్కడి పెద్దవాళ్లను కదిపితే తెలుస్తుంది, ఏం రాశారో తెలియని కాగితం మీద వేలిముద్ర వేయడం ఎంత మామూలో. ఏ అధికారి మీద ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఏం తేలింది అన్నది ఏటా ప్రజల ముందు పెట్టాలి. అథారిటీ సిఫారసును ప్రభుత్వం తిరస్కరిస్తే ఎందుకో రాతపూర్వకంగా చెప్పాలి.

అది వచ్చేదాకా మీరు చేయగలిగింది చెబుతాను. ఏఆర్ కాపీ చేతికి రాగానే ఒక లెటర్ రాయండి. ఫలానా రాత్రి ఇన్ని గంటల నుంచి తెల్లారి ఇన్ని గంటల వరకు స్టేషన్‌లోని అన్ని కెమెరాల రికార్డింగును, జనరల్ డైరీని భద్రపరచమని, సైనీ తీర్పును పేర్కొంటూ స్టేషన్‌కు, డిప్యూటీ కమిషనర్‌కు, వేపేరిలోని కమిషనర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అదే ఫుటేజీకి సమాచార హక్కు కింద వేరే దరఖాస్తు పెట్టండి. ఇవ్వకపోయినా ఫర్వాలేదు. అడిగిన తేదీ రికార్డులో ఉంటే, ఆ తర్వాత డిస్క్ చెడిపోయిందన్న జవాబుకు వాళ్లే సంజాయిషీ చెప్పుకోవాలి.

స్టేషన్‌లో ఫిర్యాదు ఇస్తే, ఫిర్యాదు అందిందని మాత్రమే చెప్పే సీఎస్‌ఆర్ రసీదు చేతిలో పెట్టి పంపేయవచ్చు. అది ఎఫ్‌ఐఆర్ కాదు. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 173 సెక్షన్ ప్రకారం మీరు నోటితో చెప్పింది రాసుకుని, మీకు చదివి వినిపించి, సంతకం తీసుకుని, కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఎఫ్‌ఐఆర్ కట్టకపోతే పై అధికారికి రాసి, ఆ తర్వాత 175 కింద మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లవచ్చు. భాష అర్థంకాని కాగితం మీద మీ వాళ్లెవరూ సంతకం పెట్టకండి.

దీనితో పాటే గ్రీన్‌వేస్ రోడ్డులోని రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు ఇవ్వండి. దాని దర్యాప్తు విభాగంలో ఉండేదీ పోలీసు అధికారులే, ఆ లోటు అక్కడా ఉంది. అయినా దాని సిఫారసులు ప్రభుత్వం అమలు చేసి తీరాలని 2021లో మద్రాస్ హైకోర్టు ఫుల్ బెంచ్ తేల్చి చెప్పింది కాబట్టి ఇప్పుడున్న దారుల్లో నేను ఎక్కువ నమ్మేది దాన్నే. ఘటన జరిగిన ఏడాది లోపు వెళ్లాలి. ఫిర్యాదులో ఒక వాక్యం తప్పకుండా చేర్చండి: ఈ విషయంలో విచారణను గాని, నోటీసు అందజేయడాన్ని గాని సంబంధిత స్టేషన్ సిబ్బందికి అప్పగించవద్దని కోరుతున్నాము. కోయంబేడు కేసు తర్వాత నేను రాసే ప్రతి ఫిర్యాదులో ఈ వాక్యం ఉంటోంది.

లాయరు ఫీజు గురించి టెన్షన్ పడకండి. హైకోర్టు ఆవరణలో రాష్ట్ర న్యాయసేవల సంస్థ ఉంది. ఫిర్యాదు మీ పిన్నిగారి పేరు మీద ఇస్తే, మహిళ కాబట్టి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. అబ్బాయి ఆ రాత్రి వేసుకున్న చొక్కా ఉతక్కుండా ఉంటే కాగితం కవర్లో పెట్టి దాచండి. స్టేషన్ నుంచి ఎవరైనా ఇంటికి వచ్చినా, ఫోన్ చేసినా తేదీ, టైము, ఏమన్నారో ఒక నోటుబుక్కులో అదే రోజు రాసుకోండి.